బీరలింగప్ప ఎడమ మడమ

సుంకులమ్మ టీచర్ దగ్గర దూరపు పరుగు నేర్చుకునేవాళ్ళు ఎంత వేగంగా పరిగెత్తి వచ్చినా, ఆమె ముందుగా గడియారం వంక చూసేది కాదు. టైము రాసుకునే పని ఎవరికో అప్పగించి, తాను చిన్న పీట వేసుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, "కాళ్ళు తెండి" అనేది. ముప్పై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చినవాడికి తన టైము ఎంతో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. ఆమె మాత్రం తాపీగా వాడి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ సందులు విడదీసి చూసి, మడమ చుట్టూ బొటనవేలితో నొక్కి, తృప్తి కలిగాకే "ఇంక పోయి టైము చూసుకో" అని వదిలేది. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు వ్యాయామం నేర్పి రిటైరైన మనిషి. రాయదుర్గం పోయే దారిలో మూతబడిన వేరుశనగ మిల్లు ఒకటుంది. ఒకప్పుడు కాయలు ఎండబోసిన ఆ సిమెంటు కళ్ళమే ఇప్పుడామె బడి. శిష్యులు మొత్తం ఆరుగురు. అందరూ ఏదో ఒక పని చేసుకుంటూ పొద్దునా సాయంత్రమూ పరిగెత్తే పెద్దవాళ్ళే.

పాదాల విషయంలో ఆమె కన్ను అలాంటిలాంటిది కాదు. బూటు విప్పకముందే, మనిషి గేటులోంచి నడిచి వచ్చే తీరు చూసి "కుడికాలు, చిటికెనవేలు" అనేది. విప్పి చూస్తే సరిగ్గా అక్కడే ఎర్రగా ఉండేది. సన్నటి మేజోళ్ళు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేయించేది, కాలి తోలుకు బదులు అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయని. ఒరిపిడి పడే చోట వాజిలీను రాయించేది. చెమటకో వానకో మేజోళ్ళు తడిస్తే, పోటీ మధ్యలో ఉన్నా సరే, మార్చుకోకుండా ముందుకు పోయినవాడితో రెండు రోజులు మాట్లాడేది కాదు. "బొబ్బ చెప్పకుండా రాదప్పా. మొదట కాలు వెచ్చబడుతుంది, తర్వాత ఎర్రబడుతుంది. ఆ రెండు మాటలూ విననోనికే నీళ్ళు పడతాయి" అని ఆమె చెప్పని రోజు లేదు. చిన్న బొబ్బను ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పెద్దదై నొప్పి పెడితే సబ్బునీళ్ళతో కడిగి, స్పిరిట్ అద్దిన సూదితో అంచున రెండు చోట్ల పొడిచి, దూదితో మెత్తగా అదిమి నీళ్ళు తీసేసేది. పైతోలు మాత్రం చచ్చినా పీకనిచ్చేది కాదు. "అది దేవుడు కట్టిన కట్టు. దాన్ని పీకేసి మనం ఇంకో కట్టు కట్టేదేంది?" అనేది. ఆ చేతుల్లో పాదం పెట్టినవాళ్ళకు నొప్పి సగం అక్కడే తగ్గేది. హోంగార్డు గంగరత్న అయితే, ఇద్దరు పిల్లల తల్లి, పీట ముందు కూలబడి రెండు కాళ్ళూ టీచర్ ఒళ్ళో పారేసి, అత్త మీద చాడీలు చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఒక్కోసారి అలాగే కునుకు తీసేది.

అది చూస్తే బీరలింగప్పకు ఒళ్ళు మండిపోయేది. అతను గొర్రెల కాపరుల ఇంటివాడు, ఇరవై ఆరేళ్ళవాడు. మూడేళ్ళ కిందట, తప్పించుకున్న పొట్టేలు వెంటపడి గుట్ట దిగి, రోడ్డెక్కి, ఆగకుండా మిల్లు దాకా వచ్చి, ఏమాత్రం రొప్పకుండా "మా పొట్టేలు ఇట్లొచ్చిందా అమ్మా?" అని అడిగిన రోజున టీచర్ కంటబడ్డాడు. "పొట్టేలు సంగతి సరే, రేపు పొద్దున నువ్వు రా" అంది ఆమె. పొట్టేలు దొరికిందో లేదో గాని, ఆ రోజు నుంచి అతనికి టీచరమ్మే దేవత. ఆమె రాకముందే కళ్ళం ఊడ్చిపెట్టేవాడు. వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి కాళ్ళకు మొక్కేవాడు. అంతటి మనిషి ఒళ్ళో తన కాలు ఎత్తి పెట్టడమా! కళ్ళు పోవూ! "కాళ్ళు తే బీరా" అని ఆమె అనడం, "నా కాళ్ళకేం టీచరమ్మా, బండలు" అని అతను నవ్వడం, వంగి ఆమె పాదాలు కళ్ళకద్దుకుని వెళ్ళిపోవడం, మూడేళ్ళుగా ఇదే తంతు. ఆ మాట నిజం కూడాను. చిన్నప్పట్నుంచి ఉత్తకాళ్ళతో గుట్టలెక్కిన పాదాలవి. ముళ్ళు విరిగేవే గాని దిగేవి కావు. అందుకే టీచర్ కూడా అంతగా పట్టుబట్టేది కాదు.

ఆ ఏడు కర్నూలులో నలభై రెండు కిలోమీటర్ల పోటీ పెట్టారు. మొదటి ముగ్గురికి జాతీయ శిబిరంలో చోటు. బీరలింగప్ప పరుగు చూసినవాళ్ళంతా ఆ ముగ్గురిలో ఇతను ఖాయమనే అన్నారు. ఇంట్లో తండ్రి మాళప్ప మాత్రం ఒకటే మాట తేల్చి చెప్పాడు. "ఈ ఒక్క ఏడు పరిగెత్తుకో నాయనా. కాకపోతే గొర్రెల వెంబడి రా. నా మోకాళ్ళు ఇంక ఆడవు." అందులో కోపం లేదు, నిజంగానే ఆయన మోకాళ్ళు ఆడటం లేదు. ఆ పరుగు మీద కొడుకు ఎంత ఆశ పెట్టుకున్నాడంటే, నిద్రలో కూడా అతని కాళ్ళు కదిలేవని తల్లి చెప్పుకునేది.

పోటీకి నెల ముందు ఊరి పెద్దాయన ఒకరు అతనికి రెండు జతల బూట్లు కొనిచ్చారు. ఒకటి రోజూ వేసుకుంటూ, రెండోది పండగ బట్టల్లాగా పోటీ రోజుకని కాగితంలో చుట్టి మిల్లు గదిలో దాచాడు. "కొత్త బూటుతో పోటీకి పోవద్దు, దాన్నీ కాస్త నడిపించు" అని టీచర్ పదిసార్లు చెప్పింది. పదిసార్లూ మొక్కాడు, చుట్టిన కాగితం మాత్రం విప్పలేదు. అరికాలు బండే గాని, మడమ వెనక లోపలి పక్కనున్న మెత్తటి తోలు అంతకుముందెన్నడూ అలాంటి బూటు ఎరగదు. పోటీ పన్నెండు రోజులుందనగా, మంగళవారం నాడు, రోజూ వేసుకునే జతకే ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. ఆ సాయంత్రం అతను గేటులోంచి వస్తుంటే టీచర్ చూసి, "కాళ్ళు తే బీరా" అంది. నా కాళ్ళకేం అన్నాడు, మొక్కాడు, వెళ్ళిపోయాడు.

ఇంటికి పోయి ఏం చేశాడంటే, బ్లేడుతో ఆ తోలంతా గుండ్రంగా కోసి పారేశాడు. గుట్ట మీద ముల్లు విరిగితే చేసే వైద్యమే గుర్తొచ్చి, పచ్చి మడమ మీద జిల్లేడు పాలు పిండాడు. లోపలి ముల్లును బయటికి లాగుతాయని కాపరులు నమ్మే ఆ పాలు, తోలు లేని మాంసం మీద ఏం చేస్తాయో కాసేపట్లోనే తెలిసొచ్చింది. నోట్లో కండువా కుక్కుకుని ఓర్చుకున్నాడు. తెల్లారి దాని మీదనే బూటు బిగించి పరిగెత్తాడు. ఆ మర్నాడూ పరిగెత్తాడు. ఈ బాధంతా గురువు కోసం చేసే తపస్సని తనకు తాను చెప్పుకున్నాడు పాపం.

ఆ వారంలోనే వాళ్ళ ఊరి భజన మందిరానికి ఒక స్వామి వచ్చి గురుభక్తి మీద గంటసేపు చెప్పాడు. బీరలింగప్ప కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నాడు. శనివారం సాయంత్రం, అందరూ కళ్ళంలో ఉండగా, చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

"టీచరమ్మా, గురుభక్తి అంటే ఏంది?"

అడగడమైతే అడిగాడు గాని జవాబు అతనికి తెలుసు. "ఇదిగో, బీరాను చూడండి" అని ఆమె అంటే, ముఖ్యంగా గంగరత్న వింటుండగా అంటే, చెవులారా వినాలని ఆశ. టీచర్ అప్పుడు గంగరత్న కాలివేలికి ప్లాస్టరు చుడుతోంది. తలెత్తకుండానే, "దానికి టైము పడుతుందప్పా. ముందు నీ కాళ్ళు తే" అంది. అతను యథాప్రకారం మొక్కి బయల్దేరాడు. ఎడమ కాలు నేలకు ఆనీ ఆనకుండా వేసుకుంటూ పోతున్న అతన్ని, గేటు దాటి రోడ్డు మలుపు తిరిగేదాకా టీచర్ చూస్తూనే ఉందని గంగరత్న తర్వాత చెప్పింది.

ఆది, సోమ, మంగళవారాలు పొద్దున పూట టీచర్ మిల్లుకు రాలేదు. సాయంత్రాలు వచ్చి, ఎప్పటిలాగే పీట వేసుకుని, ఎప్పటిలాగే అడిగింది. అతనూ ఎప్పటిలాగే మొక్కి పోయాడు. బుధవారం సాయంత్రం మాత్రం ఆమె కుంటుకుంటూ వచ్చింది. అరవై మూడేళ్ళొచ్చినా నిటారుగా, చకచకా నడిచే మనిషి అలా ఒక కాలు ఈడ్చుకుంటూ రావడం చూసి అందరూ లేచి నిలబడ్డారు. ఆమె పీట మీద కూర్చోలేదు. గట్టు మీద కూర్చుని, పీటను కాలితో ముందుకు తోసింది.

"నేను చూస్తా టీచరమ్మా" అంటూ గంగరత్న ముందుకొచ్చింది.

"నువ్వుండు. బీరా, నువ్వు కూర్చో. నా కాలు చూడు."

బీరలింగప్ప జన్మ ధన్యమైపోయింది. తువ్వాలు దులిపి ఒళ్ళో పరుచుకున్నాడు. గోరువెచ్చటి నీళ్ళు తెచ్చాడు, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. ఆమె ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. పరుగులో ఆరితేరిన పాదం అది, మగవాడి పాదమంత పెద్దది. ఇన్నేళ్ళుగా వంగి తాకడమే గాని, తిప్పి చూసింది లేదు. మడమ వెనక, లోపలి పక్కన, నీళ్ళు పట్టిన పెద్ద బొబ్బ ఉంది. అతను కాసేపు దానివంక వింతగా చూశాడు. పని మొదలుపెట్టాడు. మూడేళ్ళు పక్కన నిలబడి చూసిన చదువు వృథా పోలేదు. సూది కొనను స్పిరిట్‌తో తుడిచి, అంచున రెండు చోట్ల పొడిచి, దూదితో అదిమి, తోలు ఎక్కడా చిరగకుండా నీళ్ళు తీశాడు. మందు రాసి, ముడతలు పడకుండా గుడ్డ పరిచి, ప్లాస్టరు వేశాడు. మొరటు చేతులకు అంత నాజూకు ఎక్కడిదా అని మిగిలినవాళ్ళు ఆశ్చర్యపోయారు. గంగరత్న కూడా మెచ్చుకోలుగా తలూపింది.

పని చేస్తూనే, సొంతమనిషి చనువుతో అడిగాడు. "ఎన్ని దినాలైంది టీచరమ్మా ఇది?"

"మూడు."

"మూడు దినాలా! నొప్పి లేదా?"

"ఎందుకు లేదు, ఉండాది."

"మరి చెప్పల్ల కదా? మేమంతా సచ్చినామా?"

"ఎట్ల చెప్పేది? నేను టీచర్ని. మీ చేత కాళ్ళు పట్టించుకుంటే ఏం మర్యాద?"

బీరలింగప్పకు నిజంగానే కోపమొచ్చింది. ప్రేమ ఎక్కువైనప్పుడు వచ్చే కోపం. ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా మరిచిపోయి గొంతు పెంచాడు. "మర్యాదంట మర్యాద! ఇది ఇంకో రెండు దినాలు దాచిపెట్టింటే చీము పట్టేది. కాలు పాడైనాక మీ మర్యాద పెట్టుకొని ఏం చేసుకుంటారు? మీ కాలు మీ ఒక్కరిదేనా? మా అందరిదీ కాదా?"

టీచర్ అతని ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ప్లాస్టరు అంచు ఒత్తుతున్న అతని వేళ్ళు నెమ్మదిగా ఆగిపోయాయి. తాను ఇప్పుడన్న మాటలు ఒక్కొక్కటే మళ్ళీ చెవిలో పడుతున్నట్టుంది. నేల చూపులు చూస్తూ, "ఏం బూట్లేసుకున్నారు మీరు?" అని అడిగాడు.

"నువ్వు దాచిన జత. నీదీ నాదీ ఒకటే నంబరు. మూడు పొద్దులు కాలవ కట్ట మీద నడిచినా" అంది ఆమె. "ఎడమ బూటులో మడమకాడ కుట్టు ముడి లోపలికి పొడుచుకొచ్చింది. ఒకటే రకం జతలు, నీ కాళ్ళకున్నదీ అట్లనే ఉంటుంది. కత్తెరతో కోసేస్తే పోతుంది."

ఆమె గట్టు దిగి, నొప్పి కాలు పక్కకు చాపుకుని పీట మీద కూర్చుంది. తువ్వాలు తన ఒళ్ళోకి లాక్కుంది. ఈసారి ఏమీ అడగలేదు. బీరలింగప్ప ఎదురుగా కూర్చుని, బూటు తాడు విప్పాడు. మేజోడు మడమకు అంటుకుపోయి ఉంది. ఆమె గోరువెచ్చటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి, అది మెత్తబడేదాకా ఓపిగ్గా ఉండి, అప్పుడు తీసింది. వాసనకు గంగరత్న ముఖం తిప్పుకుంది. టీచర్ తిప్పుకోలేదు. ఆ పాదాన్ని పొదివి పట్టుకుని, వెలుతురుకేసి తిప్పి చూసి, "జిల్లేడు పాలు పోసినావా బీరా?" అంది. అతను తలూపాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం అతను చూడటం అదే మొదటిసారి. ఆ నీళ్ళు చూశాక అతనికి తన నొప్పి నొప్పే అనిపించలేదు.

ఇది తన చేతిలో పని కాదని ఆమెకు వెంటనే తెలిసింది. వాపు చీలమండ దాకా పాకింది. ఆటోలో రాయదుర్గం తీసుకుపోయింది. డాక్టరు కడిగి, సూది వేసి, మాత్రలు రాసి, ఇరవై రోజులు ఆ కాలికి బూటు తగలకూడదన్నాడు. "ఆదివారం పోటీ ఉండాది సార్" అన్నాడు బీరలింగప్ప. డాక్టరు టీచర్ వంక చూశాడు. ఆమె అడ్డంగా తలూపింది. కర్నూలు పోటీ అలా పోయింది, దాంతోపాటు ఆ ఏడాదీ పోయింది.

ఆసుపత్రి బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కట్టు కట్టిన ఎడమ కాళ్ళు రెండూ పక్కపక్కన ఉన్నాయి. అప్పటికే పొద్దు గుంకింది. అతను సిగ్గు విడిచి ఏడ్చాడు. "మా నాయనకు ఏం చెప్పేది టీచరమ్మా?" అన్నాడు.

"నేనూ వస్తా మీ ఊరికి. ఇద్దరం కలిసే చెబుదాం" అంది ఆమె. "మొదటి వెచ్చదనానికే చూపించింటే రెండు దినాల్లో పోయే బొబ్బ."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. తన మీద కోపం, కొంచెం ఆమె మీద కూడా. "మీకు మొదట్నుంచే తెలుసు. నా నడక చూసి ఆ మంగళవారం సాయంత్రమే కనుక్కొనుంటారు. ఒక్క మాట గట్టిగా అడిగింటే నేను చూపించనా?" అన్నాడు. అంటూనే, అంత మాట అన్నందుకు భయమేసి, అలవాటుగా ఆమె పాదాలకేసి వంగబోయాడు.

సుంకులమ్మ టీచర్ కాలు వెనక్కి తీసుకుంది.

"ఎనిమిది సాయంత్రాలు అడిగినా కదప్పా, నీ కాళ్ళు తెమ్మని. ఎనిమిది సాయంత్రాలూ నువ్వు నా కాళ్ళు కళ్ళకద్దుకొని పోతివి."